ఒక వస్త్రమునకు ఎన్ని చేతులు



రచ్చబండకడను, దేవాలయ మండపమునందును కూర్చుండి ఈ ప్రసంగమును వినుచున్న గ్రామపెద్దలను మొదట నొక ప్రశ్న యడిగెదను. మీ భుజముపై నున్న కండువాను ఎవరు చేసిరి? నేతగాడు చేసెనని మీరు వెంటనే చెప్పుదురు. ఆ మాట నిజమే కాని పూర్తి నిజము కాదు. ప్రత్తి పండించిన కాపు, దూది నేకిన దూదేకులవాడు, నూలు వడికిన అవ్వ, కండెలు చుట్టిన ఇల్లాలు, పడుగునకు గంజి పెట్టినవాడు, మగ్గమునందు కూర్చున్న నేతగాడు, రంగు వేసిన అద్దకపువాడు, ఉదికి యారవేసిన చాకలి, ఇందఱి చేతులు కలిసినగాని పూర్వము ఒక కండువా మన భుజము నెక్కలేదు. నేడు వీరిలో కొందఱి పనిని యంత్రములు చేయుచున్నవి. ఐనను వస్త్రము ఒక్కరి సృష్టి కాదను మాటమాత్రము మారలేదు. ఈ విషయమునే చరిత్రమునుండి కొన్ని సాక్ష్యములు చూపి నేడు మీకు మనవి చేయదలచితిని.

దీనికి ప్రేరణ యొక బాలిక. నా పూర్వశిష్యు డొకడు చేనేత కుటుంబమునకు చెందినవాడు. వాని కుమార్తె ఒక నగరములోని విద్యాలయమున వస్త్రవిద్య నభ్యసించుచున్నది. గత సంవత్సరము సంక్రాంతి సెలవులలో ఆ యమ్మాయి మా యింటికి వచ్చి, "తాతగారూ, కలంకారీ చరిత్రము మీకు తెలిసినంతవఱకు నాకు చెప్పవలెను" అని యడిగినది. సంగతి యేమన, వారి విద్యాలయమున చివరి సంవత్సరమందు నలుగురేసి విద్యార్థులు జట్టుగా చేరి, ఒకే భావమునకు కట్టుబడి, ఎనిమిది ఉడుపులను రూపొందించి పదిమంది యెదుట ప్రదర్శింపవలెనట. ఫ్యాషను విద్యలో దీనిని కలెక్షను అందురు. ఒకరు రూపమును గీయుదురు; ఒకరు కొలతలు తీసి కత్తిరింతురు; ఒకరు కుట్టుదురు; ఒకరు బట్టను, రంగును సమకూర్చుదురు. మా యమ్మాయి వంతునకు బట్టయు, రంగును వచ్చినవి. ఆమె శ్రీకాళహస్తి వ్రాతపనిని ఎన్నుకొన్నది.

ఆమె తన సంచినుండి ఒక పుస్తకమును తీసి నా ముందఱ నుంచినది. ప్రతి పుటయందును ఒక గుడ్డముక్క అంటింపబడి యున్నది. మొదటి పుటలో తెల్లబట్ట. రెండవ పుటలో కరక్కాయయు పాలును పట్టించిన లేత పసుపుచాయ బట్ట. మూడవ పుటలో నల్లని గీతలతో తీర్చిన నెమలి. నాల్గవ పుటలో ఆ నెమలి గీతలే చెదరి, తడికాగితముపై పడిన సిరావలె నలుదెసల ప్రాకిపోయియున్నవి. అటుపై పుటలన్నియు ఖాళీ. "ఇక్కడనే ఆగిపోతిని తాతగారూ! నా మూలముననే జట్టంతయు చెడినదని మిగిలిన ముగ్గురును అనుచున్నారు" అని కన్నుల నీరు పెట్టుకొన్నది.

నాకు రంగులవిద్య తెలియదు. నేను నేర్చినది వ్యాకరణము, చేసినది పంతులుపని. కాని యట్టి పుస్తకమునే సుమారు 290 సంవత్సరములకు పూర్వము మన తీరముననే ఒకడు తయారుచేసెనని నేను చదివియుంటిని. ఆ కథనే ఆమెకు చెప్పితిని. మీకును చెప్పుచున్నాను.

వ్రాతపని యనునది మన పాత పేరు. కలముతో బట్టపై వ్రాయు పని గనుక ఆ పేరు కలిగెను. కలంకారీ యనునది పారసీక భాషనుండి వచ్చిన మాట. దాని యర్థమును కలపుపని యనియే. ఒకే పనికి రెండు భాషలలో రెండు పేరులుండుట ఊరక జరుగలేదు. గోలకొండ సుల్తానుల కాలమున మచిలీపట్నము గొప్ప రేవుపట్టణము. పారసీక వర్తకు లచ్చట కాపురముండి తమ దేశమునకు వలసిన బట్టలను వ్రాయించుకొని పోవుచుండిరి. ఆ తరువాత ఐరోపావారు వచ్చిరి. డచ్చివారు 1606 లోను, ఆంగ్లేయులు 1611 లోను అచ్చట వర్తకశాలలు నెలకొల్పిరి.

విలియం మెథ్వోల్డు అను ఆంగ్లేయ వర్తకుడు 1618 మొదలు 1622 వఱకు మచిలీపట్నమునందుండెను. అతడు గోలకొండ రాజ్యమును గూర్చి వ్రాసిన వృత్తాంతము 1626 లో ముద్రితమైనది. ఈ తీరపు వ్రాతబట్టలు మిక్కిలి సొగసైనవనియు, ఎన్నిమారులు ఉదికినను బట్ట చిరుగువఱకు రంగు చెడదనియు నతడు సాక్ష్యమిచ్చెను. ఉదికిన కొలది వన్నెతఱుగని బట్ట ఆ కాలమున ఐరోపావారికి వింత. వారి దేశమున ఉన్నికి రంగు పట్టించుట తెలియును గాని నూలుబట్టకు స్థిరమగు ఎఱుపు నెక్కించుట బాగుగ తెలియదు. మన తీరమున చిరివేరు అను సన్నని వేరు కలదు. ఇసుకనేలలలో పెరుగు చిన్న మొక్కకు వేరది. నేడు నిజాంపట్నమని మన మనుచున్న పెటపోలి ప్రాంతపు చిరివేరు ఆ కాలమున మిక్కిలి పేరొందినది. ఎఱుపున కదియే ప్రాణము.

ఇపుడు జట్టుపని విషయమునకు వత్తము. నేటి విద్యార్థులు నలుగురు కలిసి ఉడుపులను రూపొందించుట క్రొత్త సంగతి యని మనము తలంతుము. కాని పదునేడవ శతాబ్దమున ఈ జట్టుపని సముద్రముల కిరువైపుల నుండి జరిగెను. 1643 లో లండనునందలి ఈస్టిండియా కంపెనీ యధికారులు సూరతులోని తమ యుద్యోగులకు ఒక జాబు వ్రాసిరి. మీరు పంపుచున్న వ్రాతదుప్పట్లు ముదురెఱుపు నేలగలవగుటచే అందఱు కొనుట లేదు. ఇకమీదట నేల తెల్లగ నుండి, నడుమ కొమ్మలును పూవులును రంగులలో నుండునట్లు చేయింపుడు. కొమ్మల రచన చిత్రకారుని యిష్టమునకు విడువుడు. ఇది యా జాబు సారాంశము. తరువాతికాలమున నమూనా బొమ్మలే ఓడలపై రాజొచ్చెను. కోరమాండలు తీరపు పనివారును ఈ కోరికల ప్రకారము వ్రాసిరి.

ఆ విధముగ పుట్టినదే పలంపూరు అను ప్రసిద్ధమైన దుప్పటి. పలంగుపోషు, అనగా మంచముపై కప్పునది, అను మాటయే ఐరోపావారి నోట పలంపూరుగ మారినది. చిన్న రాళ్ళగుట్టపై నొక వృక్షము, దాని వంకరకొమ్మలనిండ పెద్దపెద్ద పూవులు, క్రింద పక్షులు, ఇది దాని రూపము. ఆ వృక్ష మేదేశపుది? అందు పారసీకమును కలదు, చీనా రీతియును కలదు, ఆంగ్లేయుల కుట్టుపని తీగలును కలవు, మన కలపు ఒడుపును కలదు. మనవాడు తాను కన్నులార చూడని పూవును, తాను ఎన్నడు పండుకొనబోని మంచమునకై వ్రాసెను. లండనులోని కొనుగోలుదారు తాను ఎన్నడు కలిసికొనని చేతిపనిని మేనికి చుట్టుకొనెను. దుప్పట్లే గాక, స్త్రీలు నడుమునకు కట్టుకొను పావడలకును, పురుషులు తొడుగుకొను కురుచ అంగీలకును తగినట్లు ఆ యా యాకారములనే గీచి, కత్తిరింపవలసిన చోటుల నెఱిగి, అంచులను ముందుగనే తీర్చి వ్రాసిన బట్టలును అపు డుండెను. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. మా యమ్మాయి కథలో మరల వచ్చును.

ఇంత చక్కని జట్టుపని యొకరికి లాభమును, మఱొకరికి ఆకలిని తెచ్చినది. మన చీటిగుడ్డలు ఐరోపాలో దొరసానులనుండి పనికత్తెలవఱకు అందఱిని ఆకర్షింపగా, అచ్చటి ఉన్ని, పట్టు నేతగాండ్రకు పని తగ్గెను. ఫ్రాన్సు ప్రభుత్వము 1686 లో ఈ బట్టలను నిషేధించెను. ఇంగ్లండు పార్లమెంటు 1700 లో ఒక చట్టమును, 1721 లో అంతకంటె కఠినమైన మఱొక చట్టమును చేసెను. 1719 లో లండను నేతగాండ్రు వీధులలో చీటిగౌనులు ధరించిన స్త్రీలను అడ్డగించి, ఆ గౌనులను చింపి, వానిపై సిరా చల్లిరి. ఇది వినుటకు మనకు కోపము కలుగును. కాని వారును మగ్గము నమ్ముకొని బ్రతుకు పేదలే. వారి పిల్లలును ఆకొనియుండిరి. మగ్గము ఖాళీయైన యింటి బాధ యెట్టిదో మన పద్మశాలీ, దేవాంగుల వాడలలోని పెద్దలకు వేఱుగ చెప్ప నక్కరలేదు.

నిషేధములు కోరికను చంపలేదు. కొనుట తప్పైనపుడు చేయుట నేర్చుకొనవలెనను బుద్ధి ఫ్రెంచివారికి పుట్టెను. ఇక్కడనే మన మొదటి పుస్తకము వచ్చుచున్నది. బోల్యూ అను ఫ్రెంచి నావికోద్యోగి 1734 ప్రాంతమున పుదుచ్చేరియందు ఒక చిత్రకారుని యొద్ద కూర్చుండి పనియంతయు చూచెను. పని యొక మెట్టు ముగియగనే బట్టనుండి చిన్నముక్కను కత్తిరించి దాచెను. ఆ ముక్కలను వరుసగ నుంచి, ఒక్కొక్కదానికి ప్రక్కన దాని విధానమును వ్రాసెను. ఆ వ్రాతప్రతియు, ఆ గుడ్డముక్కలును నేటికిని పారిసు నగరమున భద్రముగ నున్నవి. మా యమ్మాయి చేసిన పుస్తకమునకు ఇది ముత్తాత యని నేను చెప్పగా ఆమె మొగమున మొదటిసారి చిఱునవ్వు మొలచెను.

రెండవ పుస్తకము 1742 లోనిది. కూర్దూ అను ఫ్రెంచి క్రైస్తవ సన్న్యాసి దానిని జాబురూపమున వ్రాసెను. ఈయనను పండితులు వేఱొక కారణమున ఎఱుగుదురు. ఈయన తెనుగు నేర్చి తెలుగు-ఫ్రెంచి నిఘంటువును కూర్చినవాడు. సంస్కృతమునకును గ్రీకు, లాటిను భాషలకును చుట్టఱికము కలదని 1767 లో ఫ్రెంచి పండితులకు తెలిపినవాడు. భాషాశాస్త్రమును చదువుకొన్న నాకు ఆయన యిట్లు పరిచితుడు. ఆయనయే అద్దకపు రహస్యములనుగూడ సేకరించెనని తెలిసినపుడు నేను ఆశ్చర్యపడితిని. తన మతమున చేరిన పనివాండ్రను అడిగి, ఒకరు చెప్పినదానిని మఱొకరు చెప్పినదానితో సరిపోల్చి, ఆయన ఆ జాబును వ్రాసెను.

ఆ విధాన మెట్టిదో కొంచెము నిదానముగ చెప్పెదను. ఏలయన మా యమ్మాయి తప్పు అందే బయటపడినది.

మొదట బట్టను ఉదికి, చలువచేసి, దానియందలి గంజియంతయు పోగొట్టవలెను. పిమ్మట కరక్కాయ పొడిని గేదెపాలలో కలిపి, ఆ పాలలో బట్టను బాగుగ ముంచి, పిండి, ఎండబెట్టవలెను. కరక్కాయలోని వగరు నలుపును పట్టుకొనును. పాలలోని వెన్న రంగును ప్రాకనీయక గీతను గీతగ నిలుపును. తరువాత బట్టను కొయ్యతో మోది నునుపుచేయుదురు. బొమ్మ గీచిన కాగితమునకు గీతల వెంబడి సూదితో బెజ్జములు పొడిచి, బట్టపై పఱచి, బొగ్గుపొడి చల్లి అద్దుదురు. శ్రీకాళహస్తివారు కాగితముతో పనిలేకయే చింతపుల్లను కాల్చిన బొగ్గుతో నేరుగ గీయుదురు. ఆ గీతలపై నలుపు కలము నడచును. ఇనుపముక్కలను బెల్లపునీటిలో దినముల తరబడి నానవేసినపుడు వచ్చు కసిమియే ఆ నలుపు. కలమనగా మొనదేర్చిన వెదురుపుల్ల. మొనకు కొంచెము పైన వెండ్రుకలు గాని ఉన్ని గాని చుట్టి దారముతో బిగింతురు. ఆ చుట్ట రంగును పీల్చుకొనియుండి, వ్రేళ్ళతో నొక్కిన కొలది మొనకు దించును.

ఎఱుపు కావలసినచోట ఎఱుపు వ్రాయరు. పటికనీటిని వ్రాయుదురు. పటిక గీత ఆరినపిమ్మట కంటికి దాదాపుగ కనబడదు. బట్టను కొన్ని దినములుంచి, పాఱు నీటిలో జాడించి, చిరివేరు వేసిన కాగులో ఉడికించినపుడు పటిక తాకినచోటనే ఎఱుపు నిలుచును, తక్కినచోట నిలువదు. నీలికి వేఱొక మార్గము. నీలిమందు గాలి తగిలినచో చెడును గనుక పూర్వము కలముతో వ్రాయుట కష్టము. కావున నీలి అక్కఱలేని తావులనెల్ల మైనముతో కప్పి, బట్టను నీలితొట్టిలో ముంచుచుండిరి. నీలితొట్టిని నడుపుట వేఱొక విద్య. ఆ విద్య వేఱొక యింటివారిది. పిదప మైనమును మరుగునీట కరగించి తీసి, మరల చలువచేసి, కట్టకడపట పసుపు వ్రాయుదురు. నీలిపై పసుపు పడిన తావున ఆకుపచ్చ వచ్చును.

అయ్యా, ఇందు చేతుల నెన్నుడు. నేసినవాడు, చలువచేసినవాడు, గేదెను పితికినవారు, కరక్కాయలు దంచిన స్త్రీలు, గీతలు గీచినవాడు, నీలి ముంచినవాడు, చిరివేరు త్రవ్వినవారు, కాగు కడ కూర్చున్నవాడు, ఏటినీట జాడించినవాడు. ఇంత చక్కగ చెప్పిన ఆ రెండు వ్రాతలును ఈ పనివారిలో ఏ యొక్కని పేరునైన మనకు మిగుల్చలేదు. వ్రాసికొన్న విదేశీయుల పేరులు నిలిచినవి; వ్రాయించినవారి పేరులు పోయినవి. పటిక గీత చిరివేరు కాగులో పడువఱకు కనబడనట్లు, ఆ చేతులును మనకు కనబడుట లేదు. దీనికి విదేశీయులను మాత్రమే నిందింపనేల? మన గ్రంథములందు మాత్రము ఒక చిత్రకారుని, ఒక చాకలిని పేరుపెట్టి చెప్పినది ఎంత? పండితవంశమున పుట్టిన నేను ఈ లోపమున నా వారి పాలును ఒప్పుకొనవలసినవాడనే.

ఆ తరువాతి కథ త్వరగ చెప్పెదను. ఫ్రాన్సులో నిషేధము 1759 లో తొలగగా, 1760 లో ఓబర్కాంపు అనువాడు జూయీ గ్రామమున అద్దకపు కర్మాగారమును స్థాపించెను. ఇంగ్లండులోను 1774 లో చట్టము సడలెను. అప్పటికి అచ్చువేయు యంత్రములును, నూలు వడకు యంత్రములును పుట్టుచుండెను. నేర్పినవారికి బజారు పోయెను. నేర్చుకొన్నవారికి బజారు దొరకెను. మచిలీపట్నము, పెడన ప్రాంతమున కొయ్య అచ్చుల అద్దకము నిలిచినది. శ్రీకాళహస్తియందు దేవాలయముల తెరలపై రామాయణ భారత కథలను వ్రాయు పని మినుకుమినుకు మనుచు మిగిలినది. 1950 తరువాతి పదేండ్లలో కమలాదేవీ చట్టోపాధ్యాయ గారి ప్రోత్సాహమున శ్రీకాళహస్తిలో శిక్షణకేంద్ర మేర్పడగా, జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు పిల్లలకు ఆ విద్యను నేర్పిరి. ఆ వంశమువారే యగు గురప్పశెట్టిగారు బడిపంతులుగ నుండియు వ్రాతపనిని విడువక, 2008 లో పద్మశ్రీ గౌరవమును పొందిరి. ఒక పంతులుగారికి ఆ గౌరవము కలిగినదని విన్నపుడు నాకు ప్రత్యేక సంతోషము కలిగినదని దాచనేల? గురువు లేని విద్య గుడ్డివిద్య యని సామెత. గురుపరంపర యొక తరము తెగినచో ఎన్ని పుస్తకములున్నను ఆ కలము మరల నడవదు.

ఇక మా యమ్మాయి కడకు వత్తము. కూర్దూ చెప్పిన మొదటి రెండు మెట్లను నేను చెప్పుచుండగనే ఆమె తల పట్టుకొన్నది. కొన్న మిల్లుబట్టను గంజి పోవువఱకు ఉదుకలేదట. వసతిగృహమున గేదెపాలు దొరకక, వెన్న తీసిన ప్యాకెట్టు పాలు పోసినదట. గీత చెదరక యేమి చేయును? "బొమ్మ గీయుటయే పని యనుకొంటిని తాతగారూ; బట్టను సిద్ధపఱచుట పనిగ తోచలేదు" అని చెప్పినది. అయినచో తప్పంతయు ఆమెదేనా? రూపము గీయవలసిన స్నేహితుడు నెలదినములు జాగుచేసి, ఆమెకు పదిదినముల గడువే మిగిల్చెనట. జట్టుపనిలో ఒకని యాలస్యము మఱొకని తప్పుగ కనబడును. మన యిండ్లలో ఉమ్మడి సేద్యము చేసినవారు ఈ ధర్మమును చక్కగ నెఱుగుదురు.

ఆమె శ్రీకాళహస్తికి వెళ్ళి ఒక వృద్ధ చిత్రకారుని ఆశ్రయించినది. ఆయన పదునైదు దినములు ఆమె చేతికి కలము నీయలేదు. బట్ట ఉదుకు చోటికిని, కరక్కాయలు నూరు రోటికడకును పంపెను. మొదట ఆమెకు చిన్నతనముగ తోచినదట. పదునాఱవనాడు కలము పట్టినపుడు, బట్ట యెంత పీల్చునో, ఎక్కడ ఆపునో తన వ్రేళ్ళకే తెలిసినదని నాకు జాబు వ్రాసినది. పుస్తకములోని ఖాళీ పుటలు ఒక్కొక్కటి నిండుచు వచ్చినవి.

మధ్యలో మఱొక చిక్కు వచ్చెను. స్నేహితులు పంపిన రూపము ప్రకారము పెద్ద రవికెపై నొక దేవతామూర్తిని వ్రాయవలెను. వృద్ధుడు కత్తెర ఎక్కడ పడునని యడిగెను. చూడగా మూర్తి మొగము నడిమినుండియే కుట్టు పోవుచున్నది. ఆయన వ్రాయనని చెప్పెను. అపుడు అమ్మాయి పూర్వపు పావడల సంగతి జ్ఞప్తికి తెచ్చుకొని, కత్తిరించు విద్యార్థిని పిలిపించి, ఉడుపు ఆకారమును కాగితముపై నిలువెత్తున గీయించి, చిత్రకారుని ముందఱ పఱపించినది. కుట్టు పోవు తావున తీగలను, మొగమునకు మధ్యభాగమును కేటాయించి ఆయన వ్రాసెను. మూడువందల యేండ్ల క్రిందటి పద్ధతి నేటి పిల్లల జట్టును కలిపినది. ఆ దినము మొదలు నలుగురును కలిసియే శ్రీకాళహస్తికి పోవుచుండిరట.

చివరకు ఎనిమిది ఉడుపులును సిద్ధమైనవి. ప్రదర్శనకు వారము దినములుండగ ఆమె మరల నాకు ఫోను చేసినది. ఉడుపుల కడ వ్రేలాడదీయు పెద్ద పలకపై విద్యార్థులు నలుగురి పేరులు మాత్రమే యుండవలెనని అచ్చటి నియమమట. "బోల్యూ పుస్తకములోని తప్పును నేనును చేయవలెనా తాతగారూ?" అని యడిగినది. నే నేమి చెప్పుదును? నియమమును ధిక్కరింపుమని చెప్పలేదు, ఊరకుండుమనియు చెప్పలేదు. పెద్దలను వినయముగ నడుగుము, అడుగుట మానకుము అని మాత్రమే చెప్పితిని. ఆమె యడిగినది. పెద్దపలక మారలేదు. కాని ప్రతి యుడుపు వెంట ఒక చిన్న చీటి కట్టుటకు అనుమతి దొరకినది. ఆ చీటిపై నేసినవారి పేరు, వ్రాసినవారి పేరు, ఉదికినవారి పేరు, కుట్టినవారి పేరు వరుసగ నున్నవి. నూలు వడికినది మిల్లు గనుక ఆ చోట మిల్లునూలు అని వ్రాసినది. చూడవచ్చినవారిలో ఆ చీటిని చదివినవారు కొలదిమందియేనట. వృద్ధ చిత్రకారుడు మాత్రము దానిని రెండుమార్లు చదివించుకొని, ఒక చీటిని తన జేబులో పెట్టుకొని పోయెనట.

గ్రామపెద్దలారా, మన పిల్లలనేకులు నేడు ఇట్టి విద్యలకు పోవుచున్నారు. హైదరాబాదునందు జాతీయ ఫ్యాషను విద్యాసంస్థ 1995 నుండి నడచుచున్నది. కుట్టుపని నేర్చుటకు అంత చదువేల యని పిల్లలను నవ్వవలదు. అటులనే, ఆ పిల్లలు సెలవులలో ఇంటికి వచ్చినపుడు మీ వాడలోని మగ్గముకడకును, అద్దకపు కాగుకడకును తీసికొనిపొండు. ముసలివారి చేత మాటాడింపుడు. రంగు ఏ దినుసులతో, ఎన్ని దినములకు, ఏ నీటిలో వచ్చునో ఒక పుస్తకమున వ్రాయింపుడు, గుడ్డముక్కలను అంటింపుడు. అన్నిటికంటె ముఖ్యముగ, ప్రతి పుటయందును చెప్పినవారి పేరును, చేసినవారి పేరును వ్రాయింపుడు. 1734 లో జరిగిన లోపమును మనము దిద్దలేము. మన యూరి పుస్తకమున ఆ లోపము రాకుండ చూచుట మాత్రము మన చేతిలోని పనియే.